నిలబడ్డ ఫీడరు

మా అక్క రామమ్మ ఎలా పోయిందో పూర్తిగా తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకణ్ణి నేను, రెండోవాడు ఆమె మొగుడు, మా బావ బాలయ్య. ఊరికి తెలిసిందీ, డిపార్ట్‌మెంటు కాగితాల్లోకి ఎక్కిందీ సగమే. అక్క కూతురు మంజులత ఆ సగాన్ని నమ్మలేదు. పదకొండో రోజు, వచ్చినవాళ్లంతా తిని వెళ్లాక, నన్ను ఎదురుగా కూచోబెట్టుకొని అడిగింది. నేను చెప్పిన జవాబుతో ఆ ఇల్లు నాకు కాకుండా పోయింది.

నా పేరు నరసింహ. హాలియాకు పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక సబ్‌స్టేషన్‌లో పద్దెనిమిదేళ్లుగా ఆపరేటర్‌ని. రాష్ట్రం వచ్చాక, అప్పటిదాకా కాంట్రాక్టు వాళ్లమైన మమ్మల్ని ఆర్టిజన్లు అన్నారు. పేరు మారింది కానీ కుర్చీ అదే, ఫోన్లో తిట్లూ అవే. సబ్‌స్టేషన్‌లో కరెంటు పుడుతుందని సగం జనం అనుకుంటారు. మా దగ్గర ఏమీ పుట్టదు. పుట్టేది సాగర్ డ్యాం కింద, శ్రీశైలంలో, బొగ్గు మండించే చోట్ల. అక్కడి నుంచి పెద్ద టవర్ల మీద లక్షల వోల్టుల్లో బయలుదేరి, మజిలీ మజిలీకీ తగ్గుకుంటూ మా గేటు దగ్గరికి ముప్పైమూడు వేల వోల్టులై చేరుతుంది. మేము దాన్ని పదకొండు వేలకు దించి నాలుగు లైన్ల మీద ఊళ్లకు పంపుతాం, ఆ లైన్లనే ఫీడర్లంటాం. పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని ఇంకా దించి మోటరుకు ఇస్తుంది.

ఒక్కో ఫీడరుకు ఒక బ్రేకర్, దానికి కాపలాగా ఒక రిలే ఉంటాయి. మూడు తీగల్లో పోయిన కరెంటు ఆ మూడు తీగల్లోనే తిరిగి రావాలి. అందులో కొంత నేలలోకి జారుకుందా, రిలే 'ఎర్త్ ఫాల్ట్' అని ఎర్ర దీపం వెలిగించి బ్రేకర్‌ను కొట్టేస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా లైను చచ్చిపోతుంది. రిలేకు మొహమాటం లేదు, బావలూ బామ్మర్దులూ లేరు. ఆ బాధలన్నీ ఆపరేటరుకే.

రూలు ఏమిటంటే, ఎర్త్ ఫాల్ట్ మీద పడిపోయిన ఫీడర్‌ను లైన్‌మన్ నడిచి చూసి, బాగుందని చెప్పేదాకా ముట్టకూడదు. అలవాటు ఏమిటంటే, ఐదు నిమిషాలు ఆగి హ్యాండిల్ తిప్పి చూడటం. దాన్ని ట్రయల్ అంటాం. కరెంటు ఆగకుండా నిలబడితే ఏ కొమ్మో తగిలి పోయిందని అర్థం. మళ్లీ కొట్టేస్తే నిజంగా ఏదో ఉందని అర్థం. నేను వేల ట్రయల్స్ ఇచ్చి ఉంటాను. ఒక లైన్‌మన్‌కు ఆరు ఊళ్లు అప్పగిస్తే పని ఇంకెలా నడుస్తుంది? ఇలాగే నడిచింది, పద్దెనిమిదేళ్లు. రూలు రాసినవాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. ఏదైనా అయిన రోజున మాత్రం వాళ్లకు రూలు గుర్తుకొస్తుంది.

మాది గొర్లు కాసే ఇల్లు. అక్కను ఇచ్చిన ఈదులకుంట మా ఫీడరు మీదే ఉంది. బావకు నలభై గొర్లు, బోరు కింద ఎకరంన్నర వరి. ఆయనకు మోకాళ్లు పట్టేసినప్పటి నుంచి మందను అక్కే గుట్టలకు తోలుకుపోయేది, ఆయన పొలం చూసుకునేవాడు. నా భార్య పోయి పదేళ్లు, పిల్లలు లేరు. మంజులతే నా బిడ్డ అనుకున్నాను. ఐదేళ్ల పిల్లప్పుడు సైకిల్ మీద ఎక్కించుకొని తెచ్చి, కంచె బయట నిలబెట్టి, ఏది ట్రాన్స్‌ఫార్మరో ఏది బ్రేకరో చూపించేవాణ్ణి. ఇప్పుడు నల్లగొండ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతోంది. కనబడ్డ ప్రతివాడికీ ఆ మాట చెప్పుకునేవాణ్ణి, వినేవాడికి విసుగొచ్చేదాకా.

ఆ యాసంగి పంటకు సాగర్ ఎడమ కాలువలో నీళ్లు వదల్లేదు. ఎవరి వరైనా బోరు మీదే బతకాలి. బావ వరి పొట్ట మీద ఉంది, నాలుగు రోజుల్లో కంకి వేస్తుంది. అలాంటప్పుడు ఆయన మోటరు కాలిపోయింది. మూడు రోజులు హాలియా చుట్టూ తిరిగి, బాగు చేయించుకొచ్చి దింపిన రోజే గాలిదుమారం లేచింది.

సాయంత్రం నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ. నాలుగు చినుకులు, విరుచుకుపడ్డ గాలి. ఈదులకుంట ఫీడరు ఎర్త్ ఫాల్ట్ మీద పడిపోయింది. లైన్‌మన్ మల్లేశ్‌కు ఫోన్ చేశాను. అతను వేరే ఊళ్లో ఉన్నాడు.

"అన్నా, గీడ రెండు స్తంభాలు ఒరిగినయి. ఇడిసిపెట్టి రాలేను. ఈదులకుంటకు రేపు పొద్దుగాల వస్త. అప్పటిదాంక నువ్వు ముట్టకు" అన్నాడు.

ముట్టకు అని అంత స్పష్టంగా చెప్పాడు. నేను నాలుగుంబావుకు ట్రయల్ ఇచ్చాను. హ్యాండిల్ నా చేతిలో ఉండగానే బ్రేకర్ ఠప్పున కొట్టేసింది. అక్కడితో ఆపి, కుర్చీలో కూచొని ఫోన్లకు జవాబు చెప్పుకుంటూ ఉన్నాను. లైన్లో తేడా ఉంది, రేపు పొద్దున, లైన్లో తేడా ఉంది, రేపు పొద్దున. ఇరవైమందికి చెప్పాక బావ చేశాడు.

"కరెంటు ఎప్పుడిస్తవ్ బామ్మర్దీ?"

"మల్లేశ్ వచ్చి చూస్తేనే బావా."

"గాయన వచ్చేటాల్లకు నా వరి సచ్చిపోతది. మూడు రోజులాయె తడి పెట్టక. ఇయ్యాల రాత్రి పారకపోతే పొట్టల్నే ఎండుతది. జర చూడు."

"నన్నేం చెయ్యమంటవ్? లైను మీద ఏదో పడ్డది."

"నేను పోయి చూసొస్త, ఆగు" అన్నాడు.

ఐదుంబావుకు మళ్లీ ఫోన్. ఆయాసపడుతున్నాడు. "లైను ఆఖరి దాంక మొత్తం నడిసిన. అంత మంచిగనే ఉంది. చింతకొమ్మ ఒకటి తగిలి ఉండె, గుంజేసిన. ఇగ ఇయ్యి."

"నిజంగ చూసినవా బావా?"

"నీకు నేను అబద్ధం చెప్తనా?"

ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు పోతే వేసేది బావే. లైను సంగతి మల్లేశ్ కంటే ఆయనకే ఎక్కువ తెలుసని అందరూ అనేవాళ్లు. అందుకే నమ్మానని చెప్పుకోవచ్చు. కానీ నాకు వినాలని ఉన్న మాట చెప్పాడు కాబట్టి నమ్మాను.

ఐదూ పద్దెనిమిదికి హ్యాండిల్ తిప్పాను. నిలబడింది.

ఆ మాట తలుచుకుంటే నా ఒళ్లు నాకే కంపరంగా ఉంటుంది, ఎందుకంటే ఆ క్షణాన నేను సంతోషపడ్డాను. ఫోన్లో బావ నవ్వాడు. "నీళ్లు వడ్డయి బామ్మర్దీ! నీ కడుపు సల్లగుండ!" అన్నాడు. వెనక పైపులోంచి నీళ్లు దూకుతున్న చప్పుడు నాకు వినబడింది.

ప్యానెల్ మీద మూడు తీగలకూ మూడు మీటర్లుంటాయి. రెండింట్లో ముల్లు ఎనభై దగ్గర ఆగింది. మూడోదాంట్లో యాభై దగ్గరే ఉండిపోయింది. చూశాను. చూడలేదంటే అబద్ధం. ఇప్పుడే ఇచ్చాం కదా, మోటర్లు ఒక్కొక్కటే లేస్తాయి, సర్దుకుంటుందిలే అనుకున్నాను. మోటరు లేస్తే మూడు తీగల్లోనూ కలిసే పెరుగుతుందని నాకు తెలియదా? మూడోది ఒక్కటే తక్కువుందంటే ఆ తీగ దారిలో ఎక్కడో తెగిందని తెలియదా? తెలుసు. ఆ ముల్లు వంకే చూస్తూ, అది పైకి లేవాలని కోరుకుంటూ నిలబడ్డాను.

ఐదున్నరకు ఫీడరు చివరి నుంచి పర్వతాలు అనే రైతు ఫోన్ చేశాడు. "నర్సన్నా, రెండు ఫేసులే వస్తున్నయి. మోటరు గుర్రుమంటాంది, లేస్తలేదు."

"నీ ట్రాన్స్‌ఫార్మర్ల ఫీజు పోయి ఉంటది. పొద్దున చూస్కో" అన్నాను.

రోజుకు పదిమందికి చెప్పే జవాబు అది. పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమే అవుతుంది. ఆ తర్వాత మొహం కడుక్కొని వచ్చాను. టీ పోసుకున్నాను. ఐదూ నలభై రెండుకు బ్రేకర్ కొట్టేసింది. ఎర్ర దీపం, ఎర్త్ ఫాల్ట్. బావకు చేశాను, ఎత్తలేదు. పది నిమిషాలకు పర్వతాలే మళ్లీ చేశాడు.

"అన్నా, మీ అక్క... దొడ్డికాడ... నువ్వు రా అన్నా."

ఏం జరిగిందంటే, బావ లైను వెంట నడిచాడు, అంతవరకు నిజమే. ఆయన ట్రాన్స్‌ఫార్మర్ దాటాక, గొర్ల దొడ్డి పక్కన ఒక తీగ తెగి నేల మీద పడి ఉంది. ఆ మాట నాతో అంటే మల్లేశ్ రావాలి, తీగ అతకాలి, ఒక రోజో రెండు రోజులో పోతుంది. ఆయన మోటరుకు ఆ తీగతో పని లేదు. తెగింది ఆయన ట్రాన్స్‌ఫార్మర్‌కు అవతల. నేలను తాకకుండా ఉంటే చాలు, లైను నిలబడుతుంది. లైను చచ్చే ఉంది కాబట్టి స్తంభం నుంచి వేలాడుతున్న ఆ కొసను చేత్తోనే లేపి, దొడ్డి చుట్టూ ఉన్న తుమ్మకంప మీద పడేశాడు. వెనక్కి నడుస్తూ నాకు ఫోన్ చేశాడు.

ఎండు కట్టెలో కరెంటు పారదని మా ఊళ్లల్లో అందరూ నమ్ముతారు. ఎవరికైనా షాక్ కొడితే ఎండు కట్టెతోనే కొట్టి విడిపిస్తారు. మోటరు దగ్గరి కరెంటుకు అది చాలావరకు నిజం. పదకొండు వేల వోల్టులకు ఎండు కంప కూడా దారే, అందులోనూ పైన తడిసిన కంప. ఆ కంపలోంచి నేలలోకి దిగే కరెంటు కొంచెమే. ఆ కొంచెం రిలేకు ఆనదు. రిలేను పెట్టింది లైను కాలిపోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోకుండా. ఒక మనిషి గుండె ఆగడానికి కావలసినంత కరెంటు దాని కంటికి కనబడదు. అందుకే ఫీడరు నిలబడింది. ఇరవైనాలుగు నిమిషాలు నిలబడింది.

అక్క గుట్ట దిగి మందను తోలుకొచ్చేసరికి మళ్లీ సన్నగా తుప్పర పడుతోంది. రోజూలాగే దొడ్డి మూసిన కంపతడకను రెండు చేతులా పట్టుకొని లాగింది. ఆమె మీదికి గొర్లు తోసుకొచ్చాయి. పదకొండు గొర్లు ఆమె చుట్టూ చచ్చి పడ్డాయి. ఆ తోపులాటకు కంప కదిలి తీగ తడినేల మీదికి జారింది. అప్పుడు గానీ మా బ్రేకర్ కొట్టేయలేదు.

నేను పోయేసరికి ఆరుంబావు. అక్క చేతులు ఎలా ఉన్నాయో నేను చెప్పను. బావ తడినేల మీద బోర్లా పడి ఉన్నాడు. నన్ను చూసి నా కాళ్లు పట్టుకున్నాడు. "నేనే వేసిన నర్సింహా. ఎండు కంప గదా అనుకున్న. ఆమె వచ్చేయాల్లకు వచ్చి చెప్దామనుకున్న, మడికి నీళ్లు తిప్పుకుంట యాదిమరిసిన" అన్నాడు. ఒక్కసారే అన్నాడు. అప్పటికి జనం ఇంకా మా దగ్గరికి రాలేదు. మళ్లీ ఆ మాట ఆయన నోట నేను వినలేదు. దవాఖాన నుంచి అక్కను తెచ్చి సాగనంపిన మర్నాడు ఆయన దొడ్డి కంపనంతా ఒక్కచోటికి లాగి తగలబెట్టాడు. ఆ దొడ్డిని చూడలేకపోతున్నాడు పాపం అని ఊరు జాలిపడింది. తీగ ఆనినచోట బొగ్గైన కంప కూడా అందులోనే పోయింది.

నల్లగొండ నుంచి ఒక ఆఫీసరు వచ్చి నా వాంగ్మూలం తీసుకున్నాడు. మల్లేశ్ ముట్టవద్దన్నాడా అని అడిగాడు. అన్నాడని చెప్పాను. "లైను చూశామని, బాగుందని ఎవరైనా మీకు చెప్పారా?" అని అడిగాడు.

"లేదు సార్. నా అంతట నేనే ఇచ్చిన" అన్నాను.

సస్పెండ్ చేశారు. పోలీసు కేసు కూడా రాశారు. తీగ తెగి పడి ఉండగా ఆపరేటరు నిర్లక్ష్యంతో లైనుకు కరెంటు ఇచ్చాడు, అటుగా వచ్చిన ఆమె తాకింది, అంతే రాసుకున్నారు. నేను అలా ఎందుకు చెప్పానని నన్ను నేనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. బావను కాపాడుకుందామని కొంత. కానీ ఎక్కువ సిగ్గుతో. ఆయన అబద్ధం ఆడాడు సరే, ముల్లు ఆడలేదు కదా. అది నిజం చెబుతుంటే చూస్తూ నిలబడ్డవాణ్ణి ఇంకొకడి మీద ఏ మొహంతో చెప్పను? కూతురికి మాత్రం ఆయనే చెప్పుకుంటాడని అనుకున్నాను. తండ్రి కదా, ఎన్నాళ్లు దాస్తాడు అనుకున్నాను.

పదకొండో రోజు మంజులత నా ఎదుట కూచుంది. బావ ఆ పక్కనే మంచం మీద గోడకు ఆనుకొని ఉన్నాడు, గుండు చేయించుకున్న తల దించుకొని.

"మామా, కేసు కాగితాలు చదివిన, ఒక్కటి అడుగుత. తీగ తెగింది నాలుగింటికి. అప్పుడే బ్రేకర్ కొట్టేసింది, అవునా?"

"అవును బిడ్డా."

"నాలుగుంబావుకు ట్రయల్ ఇచ్చినవ్. కొట్టేసింది. ఐదూ పద్దెనిమిదికి ఇచ్చినవ్, నిలబడ్డది. నడుమల ఎవ్వరు రాలే, తీగ అతకలే. నేల మీద పడ్డ తీగ మొదటిపారి కొట్టేసి, రెండోపారి ఎట్ల నిలబడ్డది?"

నేను కండువాతో మొహం తుడుచుకున్నాను.

"తీగను ఎవరో లేపిన్రు మామా. నేల మీదికెళ్లి లేపి దేని మీదనో పెట్టిన్రు. ఎవరు?"

పోలీసులకు తట్టలేదు. ఆఫీసరుకు తట్టినా అడగలేదో, తట్టనే లేదో నాకు తెలియదు. పందొమ్మిదేళ్ల పిల్ల పదకొండు రోజులు ఏడుస్తూనే దాన్ని విప్పుకుంటూ వచ్చింది. నాకు ఒక పక్క గర్వం, ఇంకో పక్క భయం. బావ వైపు చూశాను. ఇదే అదను, ఇప్పుడు చెప్పు బావా అని కళ్లతోనే అడిగాను. ఆయన నన్ను చూశాడు. చూసి, మళ్లీ తల దించుకున్నాడు.

"నేల ఎండి ఉంటే ఒక్కోపారి నిలబడతది బిడ్డా" అన్నాను.

"తుప్పర పడ్డది గదా?"

"పైపైన పడ్డది."

నా అబద్ధం ఎంత పలచనో ఆమె మొహంలో కనబడింది. "ఇయ్యమని నిన్ను ఎవరడిగిన్రు?"

"ఎవ్వలడగలే."

"మల్లేశన్న ముట్టకన్నంక గూడ నీ అంతట నువ్వే ఇచ్చినవా?"

"ఇచ్చిన."

"మూడు మీటర్లు ఒక్కతీరుగ ఉండెనా?"

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. నేను ఆమెకు చెప్పగలిగిన నిజం కూడా అదొక్కటే. "లేకుండె" అన్నాను. "ఒకటి తక్కువ చూపెట్టింది."

"చూసినవా?"

"చూసిన."

"చూసి గూడ కరెంటు తియ్యలేదా?"

"తియ్యలే బిడ్డా."

ఆమె అరుస్తుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. లేచి నిలబడింది. ఇంక దేని గురించీ అడగలేదు. మీటరు దగ్గరే ఆమెకు జవాబు దొరికిపోయింది. తీగను లేపిందెవరన్నది ఆ కోపంలో కొట్టుకుపోయింది. నా వైపు వేలు చూపిస్తూ తండ్రితో అంది.

"బాపు, ఈయనను మల్ల మన ఇంట్లకు రానియ్యకు. నేనున్నా లేకున్నా."

నేను బావ నోటి వంకే చూస్తున్నాను. ఆయన తల ఎత్తాడు. ఇప్పుడైనా అంటాడనుకున్నాను.

"సరే బిడ్డా" అన్నాడు.

బయటికి వచ్చి చెప్పులు తొడుక్కున్నాను. నా వెనక తలుపుకు గొళ్లెం పడింది. బండి పట్టుకొని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు ఆగలేదు. లోపలి నుంచి మంజులత గొంతు వినబడింది, మెత్తగా, చంటిపిల్లవాణ్ణి బుజ్జగిస్తున్నట్టు.

"పొద్దటి సంది ఏం తినకపోతివి బాపు. అమ్మ ఉంటే ఊకుంటుండెనా? లే, జర తిందువు."

వెనక్కి పోయి తలుపు తన్ని అంతా చెప్పేద్దామనిపించింది. గడప దాకా పోయాను కూడా. చెయ్యి ఎత్తి ఆగిపోయాను. అమ్మ పోయింది, మామ ఇప్పుడే పోయాడు, ఇంక ఆ పిల్లకు మిగిలింది లోపలున్న ఆ మనిషి ఒక్కడే. మంచం కిర్రుమంది. గిన్నె మూత తీసిన చప్పుడు, కంచం పెట్టిన చప్పుడు వినబడ్డాయి. మా బావ అన్నం తింటున్నాడు.